ఐదో మెట్టు చివరి పేజీ

బడి వదలడానికి పది నిమిషాల ముందే జిరాక్సావిడ మెషిను ఆన్ చేసి వేడెక్కనిస్తుంది. అది ముసలి మెషిను. కాసేపు దగ్గి, మూలిగి, లోపల పళ్ళు కొరుక్కుని గానీ దారికి రాదు. ఈలోగా ఆవిడ కాగితాల కట్ట విప్పి, గాలి తగిలేలా రెండుసార్లు విదిలించి ట్రేలో సర్దుతుంది. కాగితం చెమ్మగా ఉందంటే మెషిను మింగేసి కూర్చుంటుంది మరి. గంట కొట్టగానే పిల్లలు రోడ్డు దాటొచ్చి మీద పడతారు. ఇంట్లో ఫోను లేని పిల్లలకి ఆ రోజు కథ అచ్చు తీసిచ్చేది ఆవిడే. ముందు నాకంటే నాకని ఒకడి జుట్టు ఒకడు పట్టుకుంటారు. వరసలో నిలబడని వాళ్ళకి తెల్లకాగితమే ఇస్తానని ఆవిడ బెదిరిస్తుంది. పదేళ్ళుగా అదే బెదిరింపు, పదేళ్ళుగా ఒక్కడూ వరసలో నిలబడ్డ పాపాన పోలేదు.

ఆ కథలొచ్చేది ఇంటర్నెట్లో ఉన్న ఒక సైటులోంచి. పిల్లలు చదవడం నేర్చుకోవాలని, చదువంటే ఇష్టం పుట్టాలని ఎవరో పుణ్యాత్ములు పెట్టారు. అంతా ఉచితం. ఎవరు పెట్టారో, ఎక్కడ కూర్చుని నడుపుతున్నారో ఎవరికీ తెలియదు, అడిగినవాళ్ళూ లేరు. ఊరికే వస్తే నాకొకటి, మా తమ్ముడికొకటి అనే జనం కదా మనం. ప్రతి పిల్లకీ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు కొడితే ఆ పిల్ల కోసమే రాసిన కథ వస్తుంది. బొమ్మలుంటాయి, అక్షరాలు పెద్దగా ముద్దుగా ఉంటాయి. పిల్ల దాన్ని పైకి చదవాలి, పక్కన పెద్దవాళ్ళొకరు కూర్చుని వినాలి.

పిల్ల ఈ సాయంత్రం పైకి చదివిన కథ మర్నాడు ఆ ఇంట్లో జరుగుతుంది. ఎందుకు జరుగుతుందని నన్నడక్కండి. వానెందుకు పడుతుందని ఎవరైనా వీధిలో నిలబడి అడుగుతున్నారా?

చిన్న పిల్లలకి చిన్న కథలే కాబట్టి ఎవరికీ పెద్ద ఇబ్బంది ఉండేది కాదు. పాలు పొంగాయి. పిల్లి పారిపోయింది. బంతి కాలవలో పడింది. ఆడవాళ్ళు కుళాయి దగ్గర నిలబడి రేపటి సంగతులు మాట్లాడుకునేవాళ్ళు. మా ఇంట్లో రేపు గ్లాసు పగులుతుందట వదినా అని ఒకావిడ అంటే, పాతదొకటి గుమ్మం దగ్గర పెట్టు, ఆ పగిలేదేదో అదే పగిలి పీడా పోతుంది అని ఇంకొకావిడ సలహా ఇచ్చేది. పెట్టేవాళ్ళు, పగిలేది, ఊడ్చేసేవాళ్ళు.

కథ మొదలుపెడితే మటుకు ముగించి తీరాలి. ఆ సంగతి సెలూనాయన ఇంట్లో తెలిసొచ్చింది. వాళ్ళ బుడ్డోడు "చుట్టం తలుపు కొట్టాడు" అన్న దాకా చదివి, ఆవలించి నిద్రపోయాడు. పొద్దున్నే లేచి అమ్మమ్మ గారింటికి వెళ్ళిపోయాడు. ఇక్కడ చుట్టమొచ్చి తలుపు కొట్టి గడపలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే నవ్వుతాడు, పోనీ వెళ్ళిరమ్మన్నా నవ్వుతాడు. నాలుగు రోజులు ఆయన్ని తప్పించుకుని పక్కకి వంగి ఇంట్లోకీ బయటికీ తిరిగారు. టీ కూడా గడపలోనే ఇచ్చారు. ఆఖరికి బుడ్డోణ్ణి వెనక్కి రప్పించి మిగతా రెండు ముక్కలూ చదివిస్తే, ఆయన లోపలికొచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి, వెళ్ళొస్తానని లేచాడు. ఆ తర్వాత వీధిలో ఎవరి పిల్లా కథ సగంలో వదల్లేదు, వదలనివ్వలేదు.

కథల్లో మెట్లున్నాయి. పిల్ల చదవడం అయ్యాక పక్కనున్న పెద్దవాళ్ళు ఫోనులో ఒక మొహం నొక్కాలి. బాగా చదివితే నవ్వు మొహం, తడబడితే ఏడుపు మొహం. ఇంట్లో ఫోను లేనివాళ్ళు జిరాక్సు షాపుకొచ్చి ఆవిడ ఫోనులో నొక్కిపోతారు. వరసగా ఏడు నవ్వులొస్తే పిల్ల పై మెట్టు ఎక్కుతుంది. నాలుగో మెట్టు దాకా అంతే. ఐదో మెట్టు నుంచి పెద్దవాళ్ళతో పని లేదు, సైటే వింటుంది. సరిగా పలికిన మాట ఆకుపచ్చగా మారుతుంది. తప్పయితే ఎర్రబడి, గిన్నె మీద గరిటె తగిలినట్టు టంగుమని మోగుతుంది.

మెట్టు పెరిగే కొద్దీ కథ పెద్దదవుతుంది, జరిగేదీ పెద్దదవుతుంది. ఐదో మెట్టుకి చేరిన పిల్లలున్న ఇళ్ళు ఆ వీధిలో రెండు. ఇస్త్రీ ఆయన కూతురు చదివిన మర్నాడు, పదేళ్ళుగా మంచాన ఉన్న వాళ్ళ తాత లేచి వీధి చివరి దాకా నడిచొచ్చాడు. చూసి అందరూ చప్పట్లు కొట్టారు. టైలరమ్మ కొడుకు చదివిన కథలో ఒక నాన్న పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. టైలరమ్మ ఇంట్లో ఉన్న ఒక్క పెట్టెనీ తీసుకెళ్ళి జిరాక్సు షాపులో బల్ల కింద దాచింది. మర్నాడు ఆమె మొగుడు దిండు గలీబులో బట్టలు కుక్కుకుని వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. పిల్లాణ్ణి ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కానీ వాడు ఆ రోజు నుంచి నోరు విప్పి మాట్లాడటం మానేశాడు. అడిగితే తలూపుతాడు, అంతే. ఆ పెట్టె ఇంకా జిరాక్సు షాపులోనే ఉంది, తీసుకెళ్ళమని ఈవిడా అనలేదు, ఇమ్మని ఆవిడా అడగలేదు.

ఇదంతా కళ్ళారా చూసిన జిరాక్సావిడకి ఒక్కతే కూతురు. తొమ్మిదేళ్ళది. ఎప్పుడూ గొణుగుతూ గెంతుతూ ఉంటుందని అందరూ పిచ్చుక అని పిలిచేవాళ్ళు. మొగుడు లిఫ్టులు బాగుచేసే మేస్త్రీ. పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టు నడిచే ఆ చీకటి గొయ్యిలో, నడుముకి తాడు కట్టుకుని వేలాడుతూ పనిచేస్తాడు. ఇంటికొచ్చాక ఒకటే వేళాకోళం. ఈ ఊళ్ళో నా అంత పైకెళ్ళి నా అంత కిందకి దిగినవాడు లేడంటాడు. ఆయన నవ్వుతుంటే ఆవిడ కళ్ళు ఆయన నడుము మీద తాడు ఒరిసిన మచ్చ మీదే ఉండేవి.

పిచ్చుక రెండో మెట్టు దగ్గర రెండేళ్ళుండిపోయింది. చదవడం రాక కాదు. మెషిను రంగుపొడి డబ్బా మీద రాసిందీ, చిత్తు కాగితాల్లో పోయిన పెళ్ళిపత్రికలూ, డాక్టరు చీటీలూ అన్నీ చదివేసేది. సాయంత్రం కథ కూడా గడగడా అప్పజెప్పేది. వాళ్ళమ్మ విని, ఫోను తన వైపు తిప్పుకుని, ఏడుపు మొహం నొక్కేది. "రేపు మళ్ళీ చదువుదాం" అని ఫోను ముద్దుగా చెప్పేది. ఇలా రెండేళ్ళు.

పిల్ల రెండో మెట్టులో ఉన్నంత కాలం ఇంట్లో పాలు పొంగడం, చెప్పు తెగడం కన్నా పెద్దది ఏదీ జరగదని జిరాక్సావిడ లెక్క. ఆ లెక్క తప్పని కూడా అనలేం, ఏదీ జరగలేదు. కానీ బల్ల కింద దూరి పిల్ల అదే కథని పది పదిసార్లు చదువుకుంటుంటే ఆవిడ వినలేక ఉత్తినే మెషిను తిప్పేది. తన కడుపున పుట్టిన దాన్ని తనే తొక్కిపెడుతోందని ఆవిడకి తెలుసు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైగా ఇది మొగుడికి కూడా చెప్పుకోలేదు, చెబితే ఆయన నవ్వేసి నవ్వు మొహం నొక్కమంటాడు.

ఒకరోజు టీచరమ్మ రోడ్డు దాటి షాపుకొచ్చింది. మెట్ల లెక్క సైటు నుంచి బడికి వెళుతుంది. పరీక్షల్లోగా నాలుగో మెట్టు చేరని పిల్లల్ని అదే తరగతిలో మళ్ళీ కూర్చోబెట్టాలి, అది రూలు. టీచరమ్మ చెడ్డ మనిషి కాదు, చెప్పడానికి నాలుగుసార్లు గొంతు సవరించుకుంది. పిచ్చుక వెనక బెంచీలో కూర్చుంటోందని, పైకి చదవమంటే పుస్తకం మూసేసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటోందని చెప్పింది. "నాకేదో లోపం ఉంది టీచర్ అంటోందమ్మా. తొమ్మిదేళ్ళ పిల్ల అనాల్సిన మాటేనా అది?"

జిరాక్సావిడకి ప్రాణం చివుక్కుమంది. ఆ సాయంత్రం పిల్ల చదివాక నవ్వు మొహం నొక్కింది. ఫోను చప్పట్లు కొట్టింది. పిచ్చుక ముందు నమ్మలేదు, ఫోను లాక్కుని చూసి, షాపు ముందు రోడ్డు మీదకి పరుగెత్తి ఎవరూ లేని చోట రెండు గెంతులు గెంతి వచ్చింది.

వారానికో మెట్టు. మూడో మెట్టులో ఫ్యాను ఊడి ఖాళీ మంచం మీద పడింది. ఇంటాయనొచ్చి ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు, సాయంత్రానికి ఆయనకే మనసు మారింది. జిరాక్సావిడ ఊపిరి బిగబట్టుకుని ఒక్కోరోజూ నెట్టింది. నాలుగో మెట్టు రాగానే టీచరమ్మ మళ్ళీ వచ్చి, గండం గడిచిందమ్మా అని చెయ్యి పట్టుకుంది. ఇక చాలనుకుంది ఈవిడ. నాలుగు దగ్గర ఆపేస్తే పిల్ల తరగతి దాటుతుంది, ఇల్లు ఇల్లులా ఉంటుంది. ఆరు నవ్వులు నొక్కి, ఏడో రోజు బొటనవేలు ఏడుపు మొహం మీదకి జరిపి నొక్కింది.

పిచ్చుక మెషిను పక్కన నిలబడి ఉంది. మెషిను మూత తెరిచి ఉంది. దాని గాజులో అమ్మ చెయ్యీ, ఫోనూ, వేలూ అన్నీ కనపడ్డాయి.

"నేను తప్పు చదివానా అమ్మా?"

జిరాక్సావిడ ఫోను కొంగు చాటుకి లాక్కుంది.

"ఏ మాట తప్పు?"

"తప్పేం పోలేదే" అంది ఆవిడ మెల్లగా.

పిల్ల ఆ గాజులోకే చూస్తూ అడిగింది. "రెండో మెట్టప్పుడు కూడా నువ్వేనా?"

"నాన్న చేసే పని నీకు తెలుసు కదమ్మా. టైలరత్త ఇంట్లో ఏమైందో చూశావు. నాకు భయమే. నీ మీద కోపంతో కాదు."

"నేను రోజూ వెతుక్కునేదాన్నమ్మా, ఎక్కడ తప్పు పోయిందోనని. రాత్రి కళ్ళు మూసుకుని మళ్ళీ మొదటి నుంచి చదువుకునేదాన్ని. రెండేళ్ళమ్మా."

అరిచి గోల చేసినా బాగుండేది. పిల్ల మామూలుగా చెప్పింది, అది ఇంకా తట్టుకోలేకపోయింది జిరాక్సావిడ. ఫోను పిల్ల చేతిలో పెట్టేసి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని షాపు వెనక గదిలోకి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మొహాలు పిచ్చుకే నొక్కుకుంది. వేలెవరిదని సైటు అడగదు కదా. వారం తిరిగేసరికి ఐదో మెట్టు.

ఐదో మెట్టు మొదటి కథ నాలుగు పేజీలు. ఒక పేజీ తప్పు లేకుండా చదివితేనే రెండో పేజీ తెరుచుకుంటుంది. అందులో ఒక మేస్త్రీకి చాలా పెద్ద పని దొరికింది. మర్నాడే పిచ్చుక వాళ్ళ నాన్నకి ఊరి చివర కడుతున్న పన్నెండంతస్తుల భవనంలో లిఫ్టుల పనంతా అప్పజెప్పారు. కింద ఆరుగురు పనివాళ్ళు. ఆయన మిఠాయి పొట్లం పట్టుకుని, ఇంక నన్ను మేస్త్రీగారూ అని పిలవాలి మీరిద్దరూ అంటూ వచ్చాడు. అనవసరంగా ఆ పిల్లని ఏడిపించానే అని జిరాక్సావిడ ఆ పూట మనసారా నవ్వింది.

ఐదో మెట్టులో ఆరో రోజు. సాయంత్రం నాలుగయింది. పిల్లల గుంపు వెళ్ళిపోయింది. ఆవిడ ఎవరిదో పొలం కాగితాల కట్ట జిరాక్సు తీస్తోంది, పిచ్చుక పక్కన స్టూలు మీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది. ఒక ఊళ్ళో ఒక లిఫ్టు మేస్త్రీ ఉండేవాడు. అతను అందరినీ నవ్వించేవాడు. మాటలు ఒక్కొక్కటీ ఆకుపచ్చగా మారుతున్నాయి.

జిరాక్సావిడ చెయ్యి ఆగింది. మెషిను మటుకు కాగితాలు కక్కుతూనే ఉంది. పిల్ల కూడా ఆగి అమ్మ వైపు చూసింది. ఫోను లాక్కుని విసిరికొట్టాలనిపించింది ఆవిడకి. కానీ గడపలో నిలబడ్డ చుట్టం గుర్తొచ్చాడు. మొదలుపెట్టేశారు, సగంలో వదిలితే మొగుడు ఎక్కడ ఎలా ఆగిపోతాడో ఏమో. "చదువమ్మా" అంది.

రెండో పేజీలో మేస్త్రీ పన్నెండంతస్తుల భవనానికి వెళ్ళాడు. మూడో పేజీలో ఎనిమిదో అంతస్తులో తలుపు తెరిచి, నడుముకి తాడు బిగించుకుని గొయ్యిలోకి దిగాడు. దిగి, తల ఎత్తి తాడు వైపు చూశాడు. పిచ్చుక అంతా తప్పు లేకుండా చదివింది. అంత బాగా చదవడం ఎందుకు నేర్చుకున్నానా అనిపించి ఉంటుంది ఆ క్షణాన. చివరి పేజీ తెరుచుకుంది.

చివరి పేజీలో బొమ్మ లేదు. మూడే వాక్యాలు. తాడు తెగింది. మేస్త్రీ కింద పడ్డాడు. అతను మళ్ళీ ఇంటికి రాలేదు.

పిచ్చుక వాటిని కళ్ళతోనే చదివింది. పెదవులు కదపలేదు. మొహం పాలిపోయింది. జిరాక్సావిడ భుజం మీదుగా వంగి చూసి, ఆ స్టూలు పక్కనే నేల మీద కూలబడింది.

అప్పుడు పిల్ల చదవడం మొదలుపెట్టింది. పేజీ మీదే చూస్తూ, వేలు ఒక్కో మాట కిందా పెట్టుకుంటూ, రోజూ చదివినట్టే చదివింది.

"తాడు గట్టిగా ఉంది. మేస్త్రీ పని ముగించుకుని చేతులు కడుక్కున్నాడు. సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చి, వాళ్ళమ్మాయి జడ పీకి నవ్వాడు."

ఒక్కో మాటకీ ఫోను టంగుటంగుమని మోగింది. పేజీ అంతా ఎర్రబడింది. "తప్పు. రేపు మళ్ళీ ప్రయత్నించు" అని రాసి చూపించి, ఫోను ఆ పేజీ దగ్గరే ఆగిపోయింది.

పేజీలో ఉన్నది జరుగుతుందా, పిల్ల నోట్లోంచి వచ్చింది జరుగుతుందా? ఆ వీధిలో ఎవరికీ తెలియదు. అంతకుముందు ఎవరూ కావాలని తప్పు చదవలేదు, పెద్దవాళ్ళు ఎంతసేపూ సరిగ్గా చదవమని పిల్లల్ని సతాయించేవాళ్ళే గానీ. ఆయనకి చెప్పొద్దని తల్లీకూతుళ్ళిద్దరూ అనుకున్నారు. చెబితే ఆయన చెయ్యి వణుకుతుంది, ఆ గొయ్యిలో చెయ్యి వణికినవాడికి తాడు తెగనక్కర్లేదు. ఇంట్లో ఉండిపొమ్మంటే మాత్రం లాభమేముంది, పెట్టె దాస్తే టైలరమ్మ మొగుడు దిండు గలీబు పట్టుకెళ్ళలేదూ?

మర్నాడు ఆయన ఎప్పటిలాగే ఈల వేసుకుంటూ వెళ్ళాడు. జిరాక్సావిడ షాపు తెరిచింది గానీ, ఎవరేమిచ్చినా తలకిందులుగా పెట్టి అచ్చు తీసింది. నాలుగయింది, ఐదయింది. పిచ్చుక బడి నుంచి వచ్చింది మొదలు ఇంటి గడపలోనే కూర్చుంది. ఆరింటికి ఆయన వీధి మలుపులో కనపడ్డాడు. చేతులు అక్కడే కడుక్కుని వచ్చాడు, ఇంకా తడిగా ఉన్నాయి. వస్తూనే పిచ్చుక జడ పీకి నవ్వాడు. షాపు మూసుకొచ్చిన జిరాక్సావిడ ఆయన చొక్కా పట్టుకుని భోరున ఏడ్చింది. ఏమైందే, ఎవరు పోయారు అని ఆయన కంగారుపడితే, తలనొప్పండీ అని చెప్పింది.

పిచ్చుక నవ్వలేదు. ఫోను తెరిచి చూసింది. అదే పేజీ. అవే మూడు వాక్యాలు, నల్లగా, ఎవరూ ముట్టుకోనట్టు.

ఇక అది రోజువారీ పనైపోయింది. బడి వదిలి రాగానే పిచ్చుక స్టూలెక్కి కూర్చుంటుంది, ఆ పేజీ తెరుస్తుంది, తప్పు చదువుతుంది. మర్నాడు సాయంత్రం నాన్న ఇంటికొస్తాడు. ఒకసారి ఒళ్ళు కాలిపోయే జ్వరమొచ్చి ఒక పూట చదవలేకపోయింది. మర్నాడు ఆరయింది, ఏడయింది, ఆయన రాలేదు. పనివాళ్ళలో ఒకడు ఫోను చేశాడు. మేస్త్రీగారు ఎనిమిదో అంతస్తు దగ్గర గొయ్యిలో వేలాడుతూ తాడు వైపే చూస్తున్నారమ్మా, పిలిస్తే పలకడం లేదు, లాగితే కదలడం లేదు అన్నాడు. జిరాక్సావిడ పిల్లని లేపి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. గొంతు పెగలక, మాట మాటకీ దగ్గుతూ చదివింది పిచ్చుక. అరగంటలో ఆయన వచ్చాడు. ఏంటోనే, కాళ్ళు తిమ్మిరెక్కాయి అన్నాడు, అంతకన్నా ఆయనకేం గుర్తులేదు. దగ్గులో ఏ మాటైనా పొరపాటున సరిగ్గా పడిపోయి ఉంటేనో అని ఆ రాత్రంతా జిరాక్సావిడకి కునుకు లేదు.

పరీక్షలయ్యాయి. సైటు నుంచి బడికి కాగితం వెళ్ళింది. అరవై రోజులుగా ఒకే పేజీ, అరవై రోజులూ మొత్తం తప్పు. సైటే పిల్లని మెట్లన్నీ దింపేసి మొదటి మెట్టు కింద రాసింది. ఆ పేజీ మటుకు తీసెయ్యలేదు. టీచరమ్మ కాగితం పట్టుకుని షాపుకొస్తే జిరాక్సావిడ ఉన్నదంతా చెప్పేసింది. టీచరమ్మ కుర్చీలో కూర్చుని విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నేను నమ్ముతున్నానమ్మా. కానీ తెలిసి తప్పు చదివింది అని రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. సున్నా వెయ్యాలి, వెయ్యక తప్పదు" అంది.

సెలవులయ్యాక పిచ్చుక మళ్ళీ అదే తరగతిలో, తనకన్నా బెత్తెడు పొట్టి పిల్లల మధ్య కూర్చుంది. వాళ్ళు వెనక నుంచి జడ లాగి, మొదటి మెట్టక్కా అని పిలిచేవాళ్ళు. పిచ్చుక వెనక్కి తిరిగి చూసేది కాదు. గొణగడం, గెంతడం ఎప్పుడో మానేసింది. అందరూ పిచ్చుక అనడం కూడా నెమ్మదిగా మానేశారు.

వాళ్ళ నాన్నకి మటుకు ఇది మింగుడు పడలేదు. ఎంత హుషారైన పిల్ల, రంగుపొడి డబ్బా మీద అక్షరాలు కూడా వదిలేది కాదు, ఒక్క పేజీ దగ్గర ఇన్నాళ్ళు ఆగిపోవడమేమిటి? తనెప్పుడూ దగ్గర కూర్చోలేదు, తప్పు తనదే అనుకున్నాడు. ఒకరోజు పని తొందరగా ముగించుకుని నాలుగింటికే షాపుకొచ్చాడు. పిల్ల ఎదురుగా కాగితాల కట్ట మీద కూర్చుని, ఇవాళ నేను వింటాను, నువ్వు చదువు అన్నాడు. జిరాక్సావిడ మెషిను ఆపేసింది. ఫోను మొహం పిల్ల వైపు ఉంది, ఆయనకి దాని వీపే కనపడుతోంది.

పిల్ల తల వంచుకుని చదివింది. తాడు గట్టిగా ఉంది. మేస్త్రీ చేతులు కడుక్కున్నాడు. ఆరింటికి ఇంటికొచ్చాడు. మాట మాటకీ ఫోను టంగుమంటూనే ఉంది.

"బాగానే చదివావు కదరా తల్లీ" అన్నాడాయన ఆశ్చర్యంగా. "మరి ఇదెందుకిలా మొత్తుకుంటోంది?"

"తప్పు చదివాను నాన్నా."

ఆయన ముందుకు జరిగి పిల్ల గడ్డం పట్టుకుని తల పైకెత్తాడు. ఇంత మెత్తగా ఆయన మాట్లాడగా జిరాక్సావిడ ఎప్పుడూ వినలేదు. "భయపడకు. ఎవరేమన్నా పట్టించుకోకు, నేనున్నాను. నిదానంగా, ఒక్కో మాటా చూసుకుంటూ, అందులో ఉన్నది ఉన్నట్టు చదువు. నా కోసం ఒక్కసారి చదువు. నీకొచ్చు."

పిల్ల ఫోనుని గుండెకి ఆనించుకుని, రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"నాకు రాదు నాన్నా" అంది.